గోడ అవతల ఫ్యాను చప్పుడు

అక్కకి లోకంలో అన్నిటికన్నా ఎక్కువ భయం ఒకటే. ఏదో ఒక రోజు తమ్ముడి గది తలుపు కొడితే లోపలి నుంచి జవాబు రాదని.

పాపకి జ్వరమొచ్చినా భయమే. కానీ దానికి మందుంది, డాక్టరున్నాడు, తడిగుడ్డ ఉంది. ఈ భయానికి అవేవీ లేవు. ఉన్నదల్లా ఒక గోడ.

ఆ గోడకి ఇటు పక్క అక్కా, పదకొండు నెలల పాపా పడుకునే గది. అటు పక్క తమ్ముడి గది. వాడిది ఆటల కంపెనీలో ఉద్యోగం. కంప్యూటర్ ఆట జనంలోకి వెళ్ళేలోపు దాన్ని వందసార్లు ఆడి, ఎక్కడ తప్పుందో పట్టుకోవడం వాడి పని. ఆ కంపెనీ మూతపడి రెండు నెలలైంది. మొదటి వారం నవ్వుతూనే తిరిగాడు. రెండో వారం నుంచి తలుపు వేసుకున్నాడు. "ఇంట్లోనే ప్రాక్టీసు చేసుకుంటున్నానక్కా, వేరే చోట్లకి అప్లికేషన్లు పెడుతున్నా," అన్నాడు. అంతకుమించి మాటల్లేవు.

మాటలు లేకపోయినా చప్పుడుండేది. వాడు ఒక్కో భాగం ఏరుకుని తనే బిగించుకున్న డెస్క్‌టాప్, బీరువాలో సగమంత ఉండే పెట్టె, గోడకి ఆనుకుని ఉండేది. అది నడుస్తుంటే ఫ్యాను హోరు గోడలోంచి ఇవతలికి వచ్చేది. పొద్దున తొమ్మిదిన్నరకి హోరు మొదలైతే, వాడు లేచాడు. ఒంటిగంటకి ఆగితే, గుమ్మం దగ్గర పెట్టిన పళ్ళెం తీసుకున్నాడు. రెండింటికి మళ్ళీ మొదలైతే, తిన్నాడు. అక్క రోజంతా ఆ చప్పుడు పట్టుకుని నడిచేది. "ఇంకో నెల పోతే నీ చెవి గోడకి అతుక్కుపోతుంది. గరిటె పెట్టి ఊడదియ్యాలి," అని వెక్కిరించేవాడు లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్న ఆమె భర్త.

నాలుగు రోజుల కిందట ఆ చప్పుడు ఆగిపోయింది. కాలిన వాసనొచ్చింది. అక్క పాపని చంకనేసుకుని పరుగెత్తేసరికి తమ్ముడు తనంతట తానే తలుపు తీశాడు. గడ్డం పెరిగిపోయి ఉంది. "పోయిందక్కా," అన్నాడు నిదానంగా. ఆ తర్వాత, రెండు నెలల్లో మొదటిసారి, తనకి ఏదో కావాలని నోరు తెరిచి అడిగాడు.

"ఒక ల్యాప్‌టాప్ తీసుకుందామా? చప్పుడు చెయ్యనిదైతే మంచిది. పాప నిద్ర చెడుతోంది పాపం."

వాడు ఒకటి కావాలన్నాడు! అదీ పాప కోసం ఆలోచించి అన్నాడు! ఆ మాటతో అక్కకి రెక్కలొచ్చాయి. అందుకే ఈరోజు, భర్తకి సెలవు దొరక్కపోయినా, పాపని ఎత్తుకుని, బస్సు మారి, కంప్యూటర్ల షాపు మెట్లు ఎక్కేసింది. కిందటి వారం భాగంలో మనం ఆమెని ఆ మెట్ల మీదే వదిలాం.

* * *

షాపు పొడుగ్గా, ఇరుగ్గా, పెట్టెలతో నిండి ఉంది. వెనకవైపు బల్ల మీద పెద్ద దీపం, దాని కింద నడివయసు మనిషి. జుట్టు ముడేసి అందులో సన్నటి స్క్రూడ్రైవర్ గుచ్చుకుంది. కొనడం, అమ్మడం, బాగుచెయ్యడం అన్నీ ఆవిడే. ఆ బజారంతా ఆవిడని స్క్రూలమ్మ అంటారు.

"రా తల్లీ. పాత పెట్టె తాలూకా నువ్వేనా? మొన్న మీ ఆయన స్కూటర్ మీద పెట్టుకొచ్చి పడేసి వెళ్ళాడు. దాన్ని మోసి నడుం పట్టేసిందన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషికి మెట్లు కొత్తేమో!"

అక్క నవ్వింది. పాపని ఒళ్ళో సర్దుకుని సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. తొమ్మిదో తరగతిలో కొన్నది. అప్పట్లో అమ్మ పోవడంతో ఆరేళ్ళ తమ్ముడిని చూసుకోవడానికి బడి మానేసింది. పుస్తకంలో సగం ఖాళీగా మిగిలిపోయింది. ఆ ఖాళీ పేజీల్లో ఇప్పుడు, పాపకి పాలిస్తూ ఫోన్‌లో చూసిన వీడియోల్లోంచి, విన్నది విన్నట్టు రాసుకుంది.

"మేడం, నడిమి రకం గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలి. డెస్క్‌టాప్ బదులు పెట్టుకోడానికి. ఎక్కడికీ తీసుకెళ్ళడు, బల్ల మీదే ఉంటుంది. కాబట్టి బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్నది నాకక్కర్లేదు. ర్యామ్ పదహారు ఉండాలి, ఇంకోటి వేసుకోడానికి చోటుండాలి. గ్రాఫిక్స్ కార్డుకి దాని సొంత మెమరీ ఎనిమిదన్నా ఉండాలి. బొమ్మ సెకనుకి నూటనలభై నాలుగుసార్లు మారే తెర." తలెత్తి, "తప్పు చదివానా?" అంది.

స్క్రూలమ్మ కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుంది. "ఏం చదివావు తల్లీ?"

"తొమ్మిది. అదీ సగం."

"నా దగ్గరికి కోటు వేసుకొచ్చేవాళ్ళు ఎర్ర లైట్లు వెలుగుతాయా అని అడుగుతారు. నువ్వు ర్యామ్‌కి చోటుందా అని అడుగుతున్నావు. కూర్చో, కూర్చో."

రెండు ల్యాప్‌టాపులు తెచ్చి పక్కపక్కన పెట్టింది. ఒకటి లావుగా, వెనక తోకలాగా పొడుచుకొచ్చి ఉంది. ఇంకోటి సన్నగా, పలకలా నున్నగా ఉంది.

"రెండింట్లోనూ గ్రాఫిక్స్ కార్డు పేరు ఒకటే. పేరు చూసి మోసపోకు. ఈ లావుదానికి కరెంటు దండిగా ఇస్తారు, పరుగెడుతుంది. సన్నదానికి పిసినారిగా ఇస్తారు, ఎందుకంటే లోపల గాలాడదు, వేడెక్కిపోతుంది. డెస్క్‌టాప్ బదులంటున్నావు కాబట్టి కళ్ళు మూసుకుని లావుదే తీసుకో. ఎప్పుడూ ప్లగ్గుకే ఉంటుంది గనక బ్యాటరీ ఛార్జింగు ఎనభై శాతం దగ్గర ఆగిపోయేలా నేను పెట్టిస్తాను, లేకపోతే ఏడాదికి ఉబ్బుతుంది. వెనక కింద రెండు సీసా మూతలు పెట్టి కొంచెం ఎత్తితే గాలి బాగా వెళ్తుంది. దీనికి ఒకటే రోగం."

"ఏంటి?"

"అరుస్తుంది. ఆట మొదలెట్టగానే ఫ్యాన్లు విమానంలా లేస్తాయి."

అక్క చెయ్యి సన్నదాని మీదకి వెళ్ళిపోయింది. "చప్పుడు చెయ్యనిది ఇదేనా?"

"చెయ్యదు. నడుస్తోందో ఆగిందో చెయ్యి పెట్టి చూస్తే తప్ప తెలీదు. కానీ..."

"ఇదే కావాలి. మా తమ్ముడు అదొక్కటే అడిగాడు, చప్పుడు ఉండకూడదని."

"ఇంకేం అడిగాడు?"

"ఇంకేం లేదు. నీకు నచ్చింది తీసుకో అక్కా అన్నాడు."

స్క్రూలమ్మ చేతిలోని గుడ్డతో తెర తుడుస్తున్నదల్లా ఆగింది. "ఆ పాత పెట్టె బిగించింది అతనేనా?"

"వాడే. ఒక్కో ముక్క కొనడానికి నెల్లాళ్ళు ఆలోచించేవాడు. ఒకసారి ఫ్యాను ఏ పక్కకి తిరగాలా అని మా ఆయన్ని కూర్చోబెట్టి రెండు గంటలు క్లాసు పీకాడు. ఈయన కూర్చున్నచోటే గుర్రుపెట్టాడు."

"అలాంటివాడు నీకు నచ్చింది తీసుకో అన్నాడా?" ఆవిడ గొంతులో వేళాకోళం పోయింది. "ఆటలాడేవాళ్ళని పాతికేళ్ళుగా చూస్తున్నాను తల్లీ. మూడు నెలలు నా బుర్ర తిని, నాలుగో నెల వేరే షాపులో కొంటారు. ఏదైనా ఫర్వాలేదు అన్నవాడు ఒక్కడూ తగల్లేదు."

పాప కోసం అలా అన్నాడులే అని అక్క సర్దిచెప్పుకుంది. పిల్లల తల్లికి సర్దిచెప్పుకోవడం బాగా అలవాటు.

"పాత దాంట్లోవి దీంట్లోకి ఎక్కించాలి కదా," అంది స్క్రూలమ్మ లేస్తూ. "ఏమేం కావాలన్నాడు?"

"వాడు ఏమీ అక్కర్లేదన్నాడు. డిస్కు పారేసినా ఫర్వాలేదన్నాడు. నేనే... పాప పుట్టినప్పటి నుంచి ఫొటోలన్నీ దాంట్లోనే ఉన్నాయి. అవి కావాలి. దాన్ని తెరిచే నంబరు నాకు తెలుసు. పాప పుట్టినరోజే పెట్టుకున్నాడు."

ఆ నంబరు పెట్టుకున్నరోజు వాడు ఎంత గొప్పగా చెప్పాడో! "చూశావా అక్కా, రోజూ పొద్దున్నే మొదట తలుచుకునేది నీ కూతుర్నే."

పాత పెట్టె బల్ల మీద పక్కకి పడుకోబెట్టి ఉంది. ఒక పలక విప్పి ఉంది. "కాలింది దీనికి కరెంటిచ్చే డబ్బా ఒక్కటే. లోపలంతా బాగానే ఉంది. వేరే డబ్బా తగిలిస్తాను, లేస్తుందేమో చూద్దాం." తీగలు కలిపింది. తెర వెలిగింది. నంబరు కొట్టింది. తెర నిండా పాప ముఖం వచ్చింది, రెండు పళ్ళతో నవ్వుతూ.

కానీ ఒళ్ళో ఉన్న పాప నవ్వట్లేదు. బస్సు వేడికో, కొత్త చోటుకో, అరగంట నుంచి ఒకటే గునుస్తోంది. ఇప్పుడు గొంతెత్తి ఏడుపు లంకించుకుంది. అక్క లేచి భుజాన వేసుకుని తట్టింది. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. ఎంతకీ ఊరుకోదే!

గోడ గడియారంలో రెండయింది.

ఎవరూ ముట్టుకోకుండానే పాత పెట్టెలో ఫ్యాను హోరెత్తింది.

అదే చప్పుడు. మొదట గాలి పీల్చుకున్నట్టు చిన్నగా, తర్వాత పెద్దగా, ఆ తర్వాత ఒకే తీరున నిలిచిపోయి. నాలుగు రోజుల తర్వాత ఆ చప్పుడు వింటే అక్కకి కళ్ళు చెమర్చాయి. పాప ఏడుపు మధ్యలో తెగిపోయింది. బుగ్గ తల్లి భుజానికి ఆనించింది. రెండు నిమిషాల్లో నోరు కొంచెం తెరుచుకుని, నిద్రపోయింది.

అక్క కదల్లేదు. నాలుగు రోజులుగా పాప సరిగా నిద్రపోవట్లేదు. పళ్ళొస్తున్నాయనుకుంది. పాపకి జోలపాట ఈ చప్పుడే అని తల్లికే తెలియలేదు. మరి వాడు పాప నిద్ర చెడుతోందని ఎందుకన్నాడు?

"ఇదేంటి?" స్క్రూలమ్మ తెరకి దగ్గరగా వంగింది. "నేనేం నొక్కలేదే. ఫ్యాను ఎందుకింత వేగంగా తిరుగుతోంది?"

మౌస్ కదిపింది. ఒక కిటికీ తెరిచింది, మూసింది, ఇంకోటి తెరిచింది. జుట్టులోంచి స్క్రూడ్రైవర్ తీసి బల్ల మీద పెట్టింది, ఎందుకు తీసిందో ఆవిడకే తెలియనట్టు.

"మీ తమ్ముడు పొద్దున్నుంచి రాత్రి వరకూ దీని మీద పని చేసేవాడా?"

"తొమ్మిదిన్నర నుంచి. ప్రాక్టీసు, ఉద్యోగాలకి అప్లికేషన్లు. మధ్యలో ఒంటిగంటకి ఆపి అన్నం తినేవాడు."

"నీకెలా తెలుసు? చూశావా?"

"చప్పుడు వినిపించేది కదా."

"కూర్చో తల్లీ."

"ఫర్వాలేదు, పాప లేస్తుంది..."

"కూర్చో."

కూర్చుంది.

"మేము మెషీన్ బాగుచేశాక వేడికి తట్టుకుంటుందో లేదో చూడ్డానికి ఒక ప్రోగ్రాం నడుపుతాం. దానివల్ల పనేమీ జరగదు. మెషీన్ చేత ఊరికే లెక్కలు చేయించి చేయించి ఒళ్ళు వేడెక్కిస్తుంది, దాంతో ఫ్యాను గట్టిగా తిరుగుతుంది. పది నిమిషాలు నడుపుతాం, మహా అయితే గంట. ఇతను దానికి టైము పెట్టాడు. పొద్దున తొమ్మిదిన్నరకి దానంతట అదే మొదలు. ఒంటిగంటకి ఆగాలి. రెండింటికి మళ్ళీ మొదలు. రాత్రి పదిన్నరకి ఆగాలి. రోజూ ఇంతే. అందుకే ఆ డబ్బా కాలిపోయింది."

అక్కకి మాటలు వినిపిస్తున్నాయి గానీ లోపలికి దిగట్లేదు. "అంటే... వాడు ఆడుతుంటే..."

"ఆడలేదమ్మా. ఆఖరుసారి ఆట తెరిచింది యాభై రోజుల కిందట. నువ్వు చెప్పిన అప్లికేషన్లు అంటావా, ఆ తర్వాత ఒక్క కాగితం రాసిన గుర్తు లేదు. ఈ మెషీన్ మీద ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఫ్యాను తిరిగింది, అంతే."

"మరెందుకు తిప్పినట్టు? ఎవరి కోసం?"

అడిగేసింది. నోట్లోంచి ప్రశ్న పూర్తిగా బయటికి రాకముందే జవాబు తెలిసిపోయింది.

అక్క గోడకి చెవి పెట్టి వింటోందని వాడికి తెలుసు. చప్పుడు ఆగితే అక్క కంగారు పడుతుందని తెలుసు. ఒంటిగంట దగ్గర ఆపకపోతే వాడు తిన్నాడో లేదోనని తల్లడిల్లుతుందనీ తెలుసు. కాబట్టి అక్క కోసం ఒక తమ్ముణ్ణి తయారుచేసి గోడకి ఆనించి పెట్టాడు. వేళకి లేచే తమ్ముణ్ణి, వేళకి తినే తమ్ముణ్ణి. వాడు మాత్రం ఆ పెట్టె పక్కన, ఆ హోరులో, యాభై రోజులు... ఏం చేస్తూ కూర్చున్నాడు? గోడ ఇవతల తను గిన్నెలు తోముకుంటూ, పాపకి జేజేలు నేర్పుకుంటూ, ఫ్యాను ఆగితే "అదిగో మామయ్య బువ్వ తింటున్నాడు" అని పాపకి చెబుతూ నవ్వుకుంది.

ఒక్కసారి, యాభై రోజుల్లో ఒక్కసారైనా, తలుపు తోసి లోపలికి వెళ్ళి వాడి పక్కన కూర్చోలేదు. చప్పుడుంది కదా అని.

"చప్పుడు చెయ్యనిది తీసుకో అన్నాడు," అంది అక్క, ఎవరికో చెబుతున్నట్టు.

స్క్రూలమ్మ సన్న ల్యాప్‌టాప్ మూత మెల్లగా మూసేసింది. "అవును. అదే నాకూ బాగోలేదు. ఇక చప్పుడు ఉండదు. ఉండాల్సిన పనీ లేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు?"

"వాడొక్కడే. మా ఆయన పనిలో ఉన్నారు." ఆగింది. "ఈరోజు పొద్దున వాడే బయటికొచ్చాడు మేడం. గడ్డం గీసుకున్నాడు. పళ్ళెం తనే కడిగి బోర్లించాడు. పాపని ఎత్తుకుని చాలాసేపు నిలబడ్డాడు. పాపని కూడా తీసుకెళ్ళక్కా, తొందరపడకు, నిదానంగా చూసి తీసుకో అన్నాడు. నేను... నేను ఎంత సంతోషపడ్డానో తెలుసా? బస్సులో మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను, వాడు మామూలైపోయాడని."

స్క్రూలమ్మ లేచింది. బల్ల మీద దీపం ఆర్పింది. "ఫోన్ చెయ్యి."

చేసింది. మోగుతోంది. మోగి మోగి ఆగింది.

మళ్ళీ చేసింది. చేతిలోంచి ఫోన్ జారితే స్క్రూలమ్మే పట్టుకుని చెవి దగ్గర పెట్టింది. మోగుతోంది. ఎత్తలేదు.

భర్తకి చేసింది. లిఫ్టు గుంతలో దిగి ఉంటాడు ఈ వేళప్పుడు, అక్కడ సిగ్నల్ అందదు. పక్కింటి నంబరు లేదు. మూడేళ్ళుగా పక్కపక్కనే ఉంటున్నారు, ఉప్పూ పంచదారా ఇచ్చిపుచ్చుకున్నారు, నంబరు తీసుకోవాల్సిన అవసరమే రాలేదు.

"నా బండి ఉంది, పద," అంది స్క్రూలమ్మ షట్టరు కిందకి లాగుతూ. "పాపని మధ్యలో కూర్చోబెట్టుకో. దారి చెబుతూ ఉండు."

"ఆ పెట్టె... ఆ ఫ్యాను ఆపలేదు మీరు."

"తిరగనీ."

షట్టరు కింద పడ్డాక కూడా ఆ హోరు సన్నగా వినిపిస్తూనే ఉంది. పాప నిద్రలో ఉలిక్కిపడింది. అక్క పాప చెవి తన గుండెకి అదుముకుని, రెండో చేత్తో ఫోన్ చేస్తూనే ఉంది. మూడు. నాలుగు. మొదటి కూడలి దగ్గర ఎర్ర దీపం. ఐదు. లారీ వెనక ఇరుక్కున్నారు. "హారన్ కొట్టండమ్మా, కొట్టండి," అని అరిచింది. మేడం అన్న మాట ఎప్పుడో మరిచిపోయింది. ఆరు.

ఏడోసారి ఎత్తారు.

అటువైపు మాట లేదు. ఊపిరి ఉందో లేదో ఈ రోడ్డు గోలలో తెలియట్లేదు. అక్క ఫోన్‌ని చెవికి అదిమి పెట్టింది, గోడకి పెట్టినట్టు.

"ఒరేయ్ నాన్నా. ఏమీ మాట్లాడకు. నువ్వేమీ చెప్పక్కర్లేదు. నాకు తెలిసిపోయింది, ఫ్యాను సంగతి. కోపం లేదురా. ల్యాప్‌టాప్ కొనలేదు. నేను వచ్చేస్తున్నాను, ఇదిగో, రెండో కూడలి దాటాం. ఫోన్ పెట్టెయ్యకు. ఒక్కటే చెయ్యి. అక్కడ ఏదో ఒకటి చప్పుడు చెయ్యి, నాకు వినిపించేలా. బల్ల మీద వేలితో కొట్టు చాలు. కొట్టరా..."

విన్నది. ఒళ్ళంతా చెవి చేసుకుని విన్నది.

ఎదుట మూడో కూడలి. పచ్చ దీపం కాస్తా పసుపైంది.

అక్క ఇల్లు చేరడానికి ఇంకా దూరం ఉంది, ఆ మిగతా దారి వచ్చే వారం. చదువుతున్న మీకూ ఇలాంటి గది ఒకటి తెలిసే ఉంటుంది. లోపల ఏదో చప్పుడవుతోంది గనక బాగానే ఉన్నారులే అని మీరు దాటుకుంటూ వెళ్ళిపోయే గది. పుస్తకం ఇక్కడే బోర్లించి, ముందు వెళ్ళి ఆ తలుపు తట్టండి. "ఊఁ" అన్నారని వెనక్కి వచ్చెయ్యకండి. లోపలికి వెళ్ళి, ముఖం చూసి, పక్కన కాసేపు కూర్చుని రండి.